అర పరుగు పందెం

బేస్‌బాల్‌లో తొలి ఐదు ఇన్నింగ్స్ మీద పందెం కట్టేవాళ్లు తమను జూదరులని అనుకోరు. వాళ్లతో కాసేపు కూర్చుంటే ఈ సంగతి తెలిసిపోతుంది. తీర్థంలో గుండాట ఆడేవాడిని చూసి జాలిపడతారు. ఐపీఎల్‌లో టాస్ మీద డబ్బు పెట్టేవాడిని చూసి నవ్వుతారు. "మేం చదువుకుని కడతాం మాస్టారూ" అంటారు. ఆ చదువు బూటకం కాదు, చాలావరకు నిజమే. అందుకే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది. గుడ్డిగా ఆడే జూదం గురించి మన పెద్దలు ధర్మరాజు కథ చెప్పిన నాటి నుంచి హెచ్చరిస్తూనే ఉన్నారు, దానికి నేను కొత్తగా కలిపేది ఏమీ లేదు. నాకు పేచీ ఉన్నది చదువుకుని ఆడే జూదంతో.

బేస్‌బాల్‌కూ గోదావరి డెల్టాకూ ఏమిటి సంబంధం అని అడిగేవాళ్లు ఒకసారి గడియారం చూడాలి. జపాన్ లీగ్‌లో సాయంత్రం ఆరుకు మొదలయ్యే మ్యాచ్ మనకు మధ్యాహ్నం రెండున్నర. కొరియాలో ఆరున్నరకు మొదలయ్యేది మనకు మూడు. భోజనాలు అయి, ఎండకు బయట పని సాగక, మంచం మీద నడుం వాల్చే వేళ అది. అమెరికా తూర్పు తీరంలో వేసవి రాత్రి ఏడు గంటల ఆట మనకు తెల్లవారుజాము నాలుగున్నర. ఆ వేళకు ఊళ్లో ఎవరు మేలుకుని ఉంటారు? భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు రొయ్యల చెరువులున్నవాళ్లు ఉంటారు. చెరువు నీళ్లలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువకు పడిపోయేది తెల్లవారే ముందే. రాత్రంతా నాచూ రొయ్యా పీల్చుకోవడమే తప్ప, ఎండ లేనందున కొత్తగా తయారయ్యేది ఉండదు. ఆ సమయంలో కరెంటు పోయి, నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్లు ఆగాయంటే నెలల కష్టం పైకి తేలుతుంది. కాబట్టి జనరేటర్ దగ్గర ఒక మనిషి మేలుకుని ఉండాలి. అతని చేతిలో ఫోను ఉంటుంది. ఆ వేళకు క్రికెట్ చాలా రోజులు ఉండదు.

మా బావమరిది అలాంటి మనిషి. కాళ్ల వైపు అతనికి చెరువులున్నాయి. గట్టు మీది షెడ్డులో మేత బస్తాలను మూడు వరుసలు పేర్చి, పై బస్తాకు ఫోను ఆనించి పెడతాడు. పక్కనే టార్చిలైటు, ఆక్సిజన్ మీటరు, మందుల డబ్బాలు. ఏరియేటర్ల హోరులో ఫోను గొంతు ఎలాగూ వినపడదు కాబట్టి శబ్దం తీసేసి స్కోరు మాత్రమే చూస్తాడు. ఇంతకుముందు క్రికెట్‌లో సెషన్లు కట్టేవాడు: ఆరు ఓవర్లకు ఎన్ని పరుగులు, పది ఓవర్లకు ఎన్ని. బేస్‌బాల్‌లో తొలి ఇన్నింగ్స్‌ల పందెం కంటపడగానే అతనికి పాత చుట్టం కనబడినట్లయింది. మొత్తం ఆట అక్కర్లేదు, మొదటి ముక్క చాలు. మిగతాది నిద్ర.

క్రికెట్ తెలిసినవాడికి బేస్‌బాల్ నేర్పడం పెద్ద పని కాదు. తొమ్మిది ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో ఇరుజట్లూ ఒకసారి బ్యాటింగ్ చేస్తాయి, ముగ్గురు ఔటైతే సగం ముగిసినట్లు. అతిథి జట్టుది మొదటి బ్యాటింగ్. తొమ్మిది మంది బ్యాటర్లు ముందే రాసిచ్చిన వరుసలో, తొమ్మిదో అతని తర్వాత మళ్లీ మొదటి అతను, అలా తిరుగుతూ వస్తుంటారు. ఆట మొదలుపెట్టే పిచర్, అంటే బంతి వేసేవాడు, అంతా సవ్యంగా సాగితే ఐదారు ఇన్నింగ్స్ వేస్తాడు, తర్వాత బుల్‌పెన్ నుంచి, అంటే మార్పు పిచర్లు సిద్ధంగా ఉండే చోటు నుంచి, ఒకరి తర్వాత ఒకరు వస్తారు. తొలి ఐదు ఇన్నింగ్స్ పందెం అంటే ఐదో ఇన్నింగ్స్ పూర్తయ్యేసరికి ఎవరు ముందున్నారన్నదే, ఆ తర్వాత ఏమైనా దానితో పని లేదు. బలమైన జట్టుకు అర పరుగు కోత పెడతారు, బలహీన జట్టుకు అర పరుగు కలుపుతారు. అంటే బలమైన జట్టు మీద కట్టినవాడికి సమానం చాలదు, కనీసం ఒక పరుగు ఆధిక్యం ఉండాలి. తేడా మరీ ఎక్కువనుకుంటే ఒకటిన్నర, రెండున్నర కూడా పెడతారు.

ఈ పందెం కట్టేవాళ్ల వాదన ముందు నేనే వాళ్ల తరఫున చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని సగం సగం చెబుతారు.

మొదలుపెట్టే పిచర్లు ఎవరో ముందే తెలుస్తుంది. ఆటలో అన్నిటికన్నా పెద్ద ప్రభావం ఒక్క మనిషిదే అయినప్పుడు, అతను ఉన్నంతసేపటికే పందెం కడితే బుల్‌పెన్‌లో ఎవరు అలసి ఉన్నారు, ఎవరిని ఎప్పుడు దింపుతారు అన్న తలనొప్పి ఉండదు. ఇది మొదటి మాట. రెండోది, మొదటి ఇన్నింగ్స్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మేనేజర్ రాసిన వరుస రాసినట్లుగా వచ్చేది అందులోనే. ఒకటి, రెండు, మూడు స్థానాల్లోని మేటి బ్యాటర్లు తప్పకుండా వస్తారు. రెండో ఇన్నింగ్స్ ఎవరితో మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. అమెరికా మేజర్ లీగ్‌లో సగటున పరుగులు ఎక్కువ వచ్చేది మొదటి ఇన్నింగ్స్‌లోనే, కారణం ఇదే. మూడోది, ఒకే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనేసరికి బ్యాటర్లు మెరుగవుతారన్నది దశాబ్దాల లెక్కల్లో తేలిన విషయం, ఆ మలుపు రాకముందే ఈ పందెం చాలావరకు తేలిపోతుంది. నాలుగోది నాకు బాగా నచ్చినది, చాలామందికి తట్టనిది. సొంత మైదానం జట్టు ముందంజలో ఉంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండో సగం ఆడనే ఆడరు. కాబట్టి సొంత జట్టు ఒకటిన్నర పరుగుల తేడాతో గెలవాలని మొత్తం మ్యాచ్ మీద కట్టినవాడు తన జట్టుకు ఒక బ్యాటింగ్ తక్కువ ఇచ్చి కూర్చుంటాడు. తొలి ఐదు ఇన్నింగ్స్‌లో ఆ వంకర లేదు, ఇద్దరికీ ఐదేసి.

ఇంత చక్కటి వాదన కుక్కుట శాస్త్రానికి కూడా లేదు. ఏ వారం ఏ దిక్కున డేగ గెలుస్తుంది, ఎప్పుడు నెమలి మీద కట్టాలి, కాకి ఎప్పుడు ఓడుతుంది అని సంక్రాంతికి నెల ముందు నుంచి పుస్తకం తిరగేసేవాళ్లను చూస్తూ పెరిగాను. దాంతో పోలిస్తే మా బావమరిది మాట్లాడేది సైన్సు. దానిలో ఎక్కడ పగులు ఉందో చెప్పాలంటే కాస్త లెక్క చేయాలి.

ఒక జట్టు ఇంకో జట్టుకన్నా తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఒక పరుగు మెరుగనుకుందాం. అంటే ఇన్నింగ్స్‌కు తొమ్మిదో వంతు పరుగు. ఇన్నింగ్స్ పెరిగేకొద్దీ ఈ ఆధిక్యం ఒకటికి ఒకటిగా కూడుతుంది, తొమ్మిదింటికి తొమ్మిది రెట్లు. కానీ ఒడిదొడుకులు అలా కూడవు. ఒక ఇన్నింగ్స్ చెడితే ఇంకొకటి బాగుపడుతుంది, ఒకదాన్ని ఒకటి కొంత కొట్టేసుకుంటాయి. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఒడిదొడుకు పెరిగేది వర్గమూలం చొప్పున, అంటే మూడు రెట్లే. ఆట ఎంత పొడవైతే మెరుగైన జట్టుకు అంత మేలు జరిగేది ఇందువల్లే. ఇప్పుడు దీన్ని వెనక్కి నడిపించండి. ఐదు ఇన్నింగ్స్‌కు కుదిస్తే ఒడిదొడుకు ముందు ఆధిక్యానికి ఉన్న బలం ముప్పావుకు పడిపోతుంది. ఒక్క ఇన్నింగ్స్‌కు కుదిస్తే మూడో వంతు. బుల్‌పెన్ అనే తెలియని సంగతిని తప్పించుకున్నామన్న సంబరంలో అంతకంతా అదృష్టానికి అప్పగించాం. లాభమా నష్టమా అన్నది మ్యాచ్‌ను బట్టి ఉంటుంది, కానీ ఈ రెండో పద్దు వేసినవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

మొదటి ఇన్నింగ్స్‌లో పరుగు వస్తుందా రాదా అన్న పందెం ఇంకా విచిత్రం. మేజర్ లీగ్‌లో ఒక్కో సగం ఇన్నింగ్స్ సుమారు పదింట ఏడుసార్లు పరుగు లేకుండానే ముగుస్తుంది. రెండు సగాలూ అలా ముగియాలంటే ఏడును ఏడుతో హెచ్చవేసుకోండి, నూటికి నలభై తొమ్మిది. బొమ్మా బొరుసుకు దీనికన్నా దగ్గరి లెక్క దొరకదు. దాని మీద పిచర్ చరిత్ర, గాలి దిశ, అంపైర్ స్వభావం అని గంటల తరబడి చర్చలు.

"చెక్ ట్రే చూసి చెరువు సంగతి చెప్పడం లేదా బావగారూ? ఇదీ అంతే" అన్నాడు మా బావమరిది ఒకసారి. పోలిక బాగుంది. మేత వేశాక గంటో రెండు గంటలో ఆగి ట్రే పైకి తీస్తారు. మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు గట్టిపడిందా చూసి మొత్తం చెరువు ఆరోగ్యం అంచనా కడతారు. కానీ ఏ రైతూ ఒక్క ట్రే ఒక్కసారి చూసి మేత సగానికి తగ్గించడు. నాలుగు మూలలా పెడతాడు, పూటపూటా చూస్తాడు, వల విసిరి సాంపిల్ తీస్తాడు, అప్పుడు గానీ నిర్ణయం తీసుకోడు. తొలి ఇన్నింగ్స్ మీద డబ్బు కట్టడం అంటే ఒకే ట్రేలో పడ్డ నాలుగు రొయ్యల మీద ఎకరం పంట పందెం కాయడం. తన చెరువు దగ్గర అతను ఆ పని ఎన్నడూ చేయడు.

ఇదంతా లీగ్ మ్యాచ్‌ల సంగతి. అక్కడ కనీసం పిచర్ గురించి తెలిసినది పనికొస్తుంది. దేశాల మధ్య పోటీలకు వచ్చేసరికి ఆ కాస్తా కూలిపోతుంది. విడ్డూరం ఏమిటంటే మన వైపు జనం ఎక్కువగా ఎగబడేది ఆ పోటీలకే. పేర్లు తెలుస్తాయి, జెండాలు తెలుస్తాయి, బంతీ వేసి బ్యాటూ పట్టే జపాన్ తార ఓతానీని చూడవచ్చు.

వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ 2006లో మొదలైంది. 2023లో 20 జట్లు ఆడాయి. అందులో పిచర్లకు బంతుల పరిమితి ఉంది: మొదటి దశలో 65, క్వార్టర్ ఫైనల్లో 80, సెమీఫైనల్, ఫైనల్‌లో 95. క్లబ్బులు తమ కోట్ల డాలర్ల చేతులు మార్చి నెలలోనే అరిగిపోకుండా పెట్టుకున్న నియమం ఇది. ఒక ఇన్నింగ్స్‌కు సగటున పదహారు బంతులు పడతాయి. 65ను 16తో భాగించండి. నాలుగు. అంటే మొదటి దశలో, పిచర్ ఎంత గొప్పవాడైనా, మామూలుగా వేస్తే ఐదో ఇన్నింగ్స్ చూడడు. పిచర్‌ను నమ్మి తొలి ఐదు ఇన్నింగ్స్ కట్టానన్నవాడు నిబంధనల పుస్తకం తెరవలేదన్నమాట. పైగా ఇంకో మెలిక ఉంది. 50 బంతులు గానీ అంతకుమించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి తప్పనిసరి. చైనాతో మ్యాచ్‌లో ఓతానీ నాలుగు ఇన్నింగ్స్‌లో పరుగు ఇవ్వకుండా వేసి 49 బంతుల దగ్గర ఆగిపోయాడు. ఆ 49 అంకె వెనక ఉన్నది చేతి అలుపు కాదు, క్యాలెండర్.

ఫైనల్ చూడండి. 2023 మార్చి 21 రాత్రి మయామీలో, మనకు 22 తెల్లవారుజామున, జపాన్ అమెరికాను 3-2తో ఓడించింది. అందరికీ గుర్తున్నది చివరి బంతి: ఓతానీ వేశాడు, అమెరికా బ్యాటర్ ట్రౌట్ స్ట్రైకౌట్ అయ్యాడు, అంటే బంతిని కొట్టలేక ఔటయ్యాడు. తొలి ఐదు ఇన్నింగ్స్ పందెగాడికి అది అక్కర్లేని భాగం. అతనికి కావలసిన భాగంలో ఏమైంది? జపాన్ తరఫున ఇమానగా రెండు ఇన్నింగ్స్ వేశాడు, తొగో రెండు వేశాడు, ఐదోది తకహాషి వేశాడు. అమెరికా తరఫున మొదలుపెట్టిన కెల్లీ రెండో ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేదు. బుల్‌పెన్ గొడవ తప్పించుకోవడానికే ఈ పందెం అన్నారు కదా, మొత్తం ఏడుగురు పిచర్లను వాడిన జపాన్ మొదటి ఐదు ఇన్నింగ్స్‌లోనే ముగ్గురిని దింపింది. ఐదు పూర్తయ్యేసరికి 3-1, జపాన్ మీద కట్టినవాడికి డబ్బు వచ్చింది. ఇమానగాను చదివి కట్టినవాడికీ, జపాన్ జెండా రంగు నచ్చి కట్టినవాడికీ ఒకే మొత్తం వచ్చింది.

అంతకుముందు రోజు సెమీఫైనల్ ఇంకా మంచి పాఠం. జపాన్ తరఫున రోకీ ససాకీ మొదలుపెట్టాడు. చదువుకున్నవాడెవడూ ఆ రోజు జపాన్‌ను కాదనడు. నాలుగో ఇన్నింగ్స్‌లో మెక్సికో ఆటగాడు లూయిస్ ఉరియాస్ ఒక్క హోమ్ రన్‌తో మూడు పరుగులు తెచ్చాడు. ఐదు ఇన్నింగ్స్ అయ్యేసరికి 3-0 మెక్సికో. చివరికి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మురకామి కొట్టిన దెబ్బతో జపాన్ 6-5తో గెలిచింది. మెరుగైన జట్టుకు తనను తాను నిరూపించుకోవడానికి తొమ్మిది ఇన్నింగ్స్ మొత్తం కావలసి వచ్చింది. పైన వర్గమూలంతో చెప్పినది కళ్లముందు జరిగింది.

జపాన్, చెక్ రిపబ్లిక్ మ్యాచ్‌ను నేను తరచుగా ఉదాహరణగా చెబుతాను. చెక్ జట్టులో చాలామందికి వేరే ఉద్యోగాలున్నాయి. పిచర్ సతోరియా వృత్తి రీత్యా ఎలక్ట్రీషియన్, జట్టు మేనేజర్ నరాల వైద్యుడు. మొదటి ఇన్నింగ్స్ ముగిసేసరికి ముందున్నది చెక్ జట్టు, 1-0. ఆ పరుగు జపాన్ ఫీల్డర్ పొరపాటున వచ్చింది. చివరి స్కోరు జపాన్ 10, చెక్ 2. మధ్యలో ఆ ఎలక్ట్రీషియన్ ఓతానీని స్ట్రైకౌట్ చేశాడు. అతని బంతి మరీ నెమ్మది, అంతటి నెమ్మది బంతి మేజర్ లీగ్ బ్యాటర్‌కు రోజూ ఎదురయ్యేది కాదు. దేశాల పోటీల్లో ఇదే చిక్కు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలియదు, ఆ తెలియనితనం మొదటి చూపులో పిచర్‌కే ఎక్కువ కలిసివస్తుంది. ఈ కలిసిరావడం ఎంత అని ఏ పట్టికలోనూ దొరకదు, ఎందుకంటే ఒక జట్టు ఈ పోటీలో ఆడేది మహా అయితే ఏడు మ్యాచ్‌లు. ఏడు మ్యాచ్‌ల నుంచి ఏ సరాసరి తీసి నమ్మాలి?

అలాగని పెద్ద తేడా ఉన్న జట్ల మధ్య పందెం సుఖమని కాదు. అదే టోర్నీలో కొరియా చైనాను 22-2తో ఓడిస్తే ఐదు ఇన్నింగ్స్‌కే ఆట ఆపేశారు, పదిహేను పరుగుల తేడా వస్తే ఆపాలన్నది నియమం. అలాంటి మ్యాచ్‌కు తొలి ఐదు అని వేరే ఏముంది, అదే మొత్తం మ్యాచ్. 2024 నవంబరు 24న టోక్యో డోమ్‌లో ప్రీమియర్ 12 అనే దేశాల పోటీ ఫైనల్‌లో తైవాన్ జట్టు ఆ టోర్నీలో అంతవరకు ఓటమి ఎరుగని జపాన్‌ను 4-0తో ఓడించింది. నాలుగు ఇన్నింగ్స్ పూర్తయ్యేసరికి 0-0. నాలుగు పరుగులూ ఐదో ఇన్నింగ్స్‌లోనే వచ్చాయి. తొలి నాలుగు అని కట్టినవాడి గతి ఒకటి, తొలి ఐదు అని కట్టినవాడి గతి ఇంకొకటి. ఈ గీత ఎక్కడ గీయాలన్నది ఆట నిర్ణయించదు, రేటు పెట్టేవాడు నిర్ణయిస్తాడు.

అసలు పేచీ ఇప్పుడు మొదలవుతుంది, రేటు దగ్గర.

సంక్రాంతి బరిలో పై పందెం ఎలా జరుగుతుందో డెల్టావాళ్లకు చెప్పనక్కర్లేదు. గట్టు మీద నిలబడి ఒకడు చెయ్యెత్తి డేగ మీద పదివేలంటాడు, ఎదుటి గట్టు నుంచి ఇంకొకడు చెయ్యెత్తుతాడు. మనిషికీ మనిషికీ పందెం. నీకు తెలిసినంతే అతనికీ తెలుసు, లేదా తెలియదు. నీ చదువుకు విలువ ఉందంటే అది ఎదుటివాడి అజ్ఞానం నుంచి వస్తుంది. నిర్వాహకులు తమ కేవు, అంటే పందెం సొమ్ములో తమ కోత, తాము తీసుకుంటారు, భోగి, సంక్రాంతి, కనుమ గడిచాయంటే బరి ఎత్తేస్తారు. దీన్ని మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. కోడికి కత్తి కట్టడం క్రూరత్వం, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం, 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం ప్రకారం పందెమూ నేరమే, హైకోర్టు ఎన్నోసార్లు చెప్పింది, అయినా ఏటా కత్తులు కడుతూనే ఉన్నారు. చెప్పదలచుకున్నది వేరు. బరిలో అలవాటైన మనసుతో మనం ఫోను ముందు కూర్చుంటున్నాం. ఫోనులో ఎదుటి గట్టు మీద మనిషి లేడు. ఉన్నది ఒక రేటు. ససాకీ ఎంత వేగంగా వేస్తాడో, 65 బంతుల నియమం ఏమిటో, ఆ రోజు టోక్యోలో ఎవరు బ్యాటింగ్ చేస్తున్నారో, అన్నీ దానిలో కలిసిపోయి ఉన్నాయి. కాబట్టి మా బావమరిదికి ఎంత తెలుసన్నది నేను అడగను. రేటుకు తెలియనిది అతనికి ఏం తెలుసు? ఇంతే నా ప్రశ్న.

ఇక కేవు. రెండు వైపులా 1.90 రేటు అనుకుందాం. నూరు కట్టి గెలిస్తే తొంభై లాభం, ఓడితే నూరు నష్టం. నూరు పందాల్లో 52 గెలిచారనుకోండి, బంధువుల్లో మేధావి అనిపించుకుంటారు. వచ్చింది 4,680, పోయింది 4,800. నూట ఇరవై రూపాయల నష్టం. 53 గెలిస్తే గానీ డెబ్బై రూపాయలు మిగలవు. మామూలు మనిషికి ఒక్కో నూరు రూపాయల పందానికి సగటున ఐదు రూపాయలు ముందే పోయినట్లు లెక్క. మొత్తం మ్యాచ్ మీద ఒకసారి కడితే ఐదు. మొదటి ఇన్నింగ్స్ మీద నూరు, తొలి మూడు మీద నూరు, తొలి ఐదు మీద నూరు, ఆపై మ్యాచ్ మీద నూరు కడితే ఇరవై. ఆటను ఎందుకు ఇన్ని ముక్కలు చేశారో ఇప్పుడు అర్థమవుతుంది. ముక్క పందెగాడి సౌకర్యం కోసం పుట్టలేదు.

చదువు వల్ల, దగ్గరితనం వల్ల ఈ కేవును జయించవచ్చని నమ్మేవాళ్లకు ఓతానీ దుబాసీ మిజుహారా కథ చెప్పాలి. క్రీడా ప్రపంచాన్ని అంత దగ్గరగా చూసే అవకాశం కోట్ల మందిలో ఒకడికి వస్తుంది. 2021 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా అతను కట్టిన పందాలు సుమారు 19,000. గెలిచినవీ ఓడినవీ తీసివేస్తే నికర నష్టం దాదాపు 4 కోట్ల డాలర్లు. ఓతానీ ఖాతా నుంచి సుమారు 1.7 కోట్ల డాలర్లు దొంగిలించాడని రుజువై, 2025 ఫిబ్రవరిలో 57 నెలల జైలు శిక్ష పడింది. బేస్‌బాల్ మీద పందెం కట్టలేదని అధికారులే చెప్పారు, వేరే ఆటల మీద కట్టాడు. ఏ ఆటైతే ఏమిటి? కోటీశ్వరుడిని ముంచిన ఆ అంకెల్లో నన్ను ఆపేది కోట్లు కాదు, 19,000. రోజుకు దాదాపు పాతిక. అన్నిసార్లు కేవు కట్టాడు.

చిన్న ముక్కలకు ఇంకో జబ్బు ఉంది. 1919లో వరల్డ్ సిరీస్‌ను అమ్మేశారన్న ఆరోపణ మీద షికాగో జట్టులో ఎనిమిది మందిని జీవితకాలం నిషేధించారు. ఒక సిరీస్ ఓడాలంటే అంతమంది కావాలి. 2010లో లార్డ్స్ టెస్టులో నోబాల్స్ అమ్మడానికి ఇద్దరు బౌలర్లు, ఒక కెప్టెన్ సరిపోయారు. 2025 నవంబరులో క్లీవ్‌లాండ్ జట్టు పిచర్లు ఇద్దరి మీద అమెరికాలో కేసు పెట్టారు, విడి విడి బంతుల మీద పందాలు కట్టినవాళ్లకు లాభం వచ్చేలా బంతులు వేశారని అభియోగం. ఆ ఇద్దరూ తాము నిర్దోషులమన్నారు, తీర్పు కోర్టుది. కానీ మేజర్ లీగ్ వెంటనే పందాల సంస్థలతో మాట్లాడి ఒక్కో బంతి మీద పందాన్ని 200 డాలర్లకు కుదించింది. ముక్క ఎంత చిన్నదైతే కొనడానికి అంత తక్కువ మంది చాలు అని వాళ్లకు అర్థమైంది. తొలి ఇన్నింగ్స్ ఒక్క బంతి అంత చిన్నది కాదు, కానీ తొమ్మిది ఇన్నింగ్స్ అంత పెద్దదీ కాదు.

చట్టం మాట కూడా చెప్పి ముందుకు వెళతాను. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1968లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. "మాది కూడా నైపుణ్యమేనండి" అని తొలి ఇన్నింగ్స్ పందెగాళ్లు ఇప్పటికీ ఆ తీర్పు నీడన నిలబడాలని చూస్తారు. 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ పందాలను నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో నైపుణ్యం, అదృష్టం అన్న తేడానే తీసేసింది. ఆడించేవాళ్లకు, ప్రకటనలు చేసేవాళ్లకు శిక్షలు పెట్టి, ఆడేవాడిని బాధితుడిగా చూసింది. నాకు ఇది సరైన దారిగానే కనిపిస్తుంది. అయితే పందాలు ఆగాయా అంటే, ఎక్కడో దీవి నుంచి నడిచే సైటు ఒక పేరు మూసుకుని ఇంకో పేరుతో తెరుచుకుంటుంది. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే ఏ పోలీస్ స్టేషన్‌కు వెళతావు? నిజంగా లెక్క తెలిసి వరుసగా గెలిచేవాడి ఖాతాకు పరిమితి పెట్టడం ఈ వ్యాపారంలో మామూలు. ఓడేవాడికి పరిమితి పెట్టిన సైటు గురించి నేను వినలేదు.

చదువుకుని కడుతున్నామనేవాళ్లకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. కట్టినప్పటి రేటు రాసుకో, మొదటి బంతి పడే ముందు చివరి రేటు రాసుకో. ఎక్కువసార్లు నువ్వు కట్టిన రేటే మెరుగ్గా ఉంటే, నీకు ఏదో తెలుసని ఒప్పుకుంటాను, గెలిచావా ఓడావా అన్నది తర్వాత చూద్దాం. గెలుపోటముల్లో నెలల తరబడి అదృష్టం దాక్కుంటుంది, రేటు తేడాలో అంతసేపు దాక్కోలేదు. మా బావమరిది పుస్తకంలో మాత్రం వచ్చినదీ పోయినదీ ఉంటాయి. రేట్ల గడి లేదు. మేత, మందులు, డీజిల్ ఖర్చును పైసలతో సహా గడులు గీసి రాసే మనిషి ఇతను. ఇంటర్ రెండో సంవత్సరం గణితం 2ఎలో సంభావ్యత, ద్విపద విభాజనం, పాయిజాన్ విభాజనం ఉంటూ వచ్చాయి. ఇన్నింగ్స్‌కు పరుగుల లెక్క చెప్పడానికి వాటికన్నా మంచి సాధనాలు అక్కర్లేదు. పరీక్షలో మార్కుల కోసం నేర్చిన ఆ పాఠాలను ఒక్క తరగతి గంట ఈ రేట్ల మీద నడిపిస్తే పిల్లలు చెవులు రిక్కించి వింటారని, చాలాకాలం పాఠం చెప్పినవాడిగా నాకు తెలుసు. పాఠ్యప్రణాళికలో పందెం మాట రాకూడదని అభ్యంతరం చెప్పే పెద్దమనుషులు, ఆ పిల్లల ఫోన్లలో ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో ఒకసారి చూసి రావాలి.

మా బావమరిది దగ్గర ఒక ప్రశ్న ఉంది, దానికి జవాబు చెప్పకుండా తప్పుకుంటే నా వాదన కుంటుతుంది. "రొయ్య జూదం కాదా బావగారూ? 2025 ఆగస్టులో అమెరికా సుంకం యాభై శాతానికి పెంచితే నా రొయ్యల రేటు ఏమైంది? వైరస్ వస్తే నా రొయ్య పిల్ల ఏమవుతుంది? నేను ఏది చేసినా పందెమే. కనీసం ఇది ఐదు ఇన్నింగ్స్‌లో తేలిపోతుంది." మాట పదునైనదే. వనామి రొయ్య వేసినవాడి గుండె దడ నాకు తెలుసు, ఆ ఇంటి ఆడపిల్లనే నేను చేసుకున్నాను. ధరలు పడిపోయినప్పుడు ఆ కుటుంబాల్లో పండగ ఎలా జరుగుతుందో చూశాను.

కానీ రెండూ ఒకటి కావు. చెరువులో ప్రతి విడతకూ నూటికి ఐదు ముందే కోసి పెట్టుకునేవాడు ఎవడూ లేడు. మధ్యవర్తులు కోస్తారు, నిజమే, కానీ పంట బాగా వచ్చి ధర నిలిచిన ఏడాది రైతూ, కొనేవాడూ, మేత వ్యాపారీ అందరూ నాలుగు డబ్బులు చూస్తారు. పందెంలో ఒకరికి వచ్చినది ఇంకొకరి జేబులోది, మధ్యలో కేవు పోగా. దీనికన్నా పెద్ద తేడా ఇంకొకటి ఉంది. ఆక్సిజన్ మీటరు మూడుకు పడిందని చూసి అతను ఇంకో రెండు ఏరియేటర్లు వేస్తే రొయ్య బతుకుతుంది. ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తాడు, నీళ్లు పాడవకుండా ఆగుతాయి. అతనికి తెలిసినది అక్కడ పనిచేస్తుంది, పంట దిశను మారుస్తుంది. బస్తాకు ఆనించిన ఫోనులో అతనికి ఎంత తెలిసినా మయామీలో పడే బంతి అంగుళం కూడా జరగదు. ఈ మాట చెప్పినప్పుడు అతను కాసేపు ఆలోచించి, "అయితే జపాన్ వదిలేసి కొరియా లీగ్ చూస్తానండి, అక్కడ రేట్లు పెట్టేవాళ్లకు అంత తెలియదు" అన్నాడు. తెలియదని నీకు ఎలా తెలుసని అడిగాను. గడులు గీసిన పుస్తకం చూపించమన్నాను. ఇంకా చూపించలేదు.